ఇంటిలోని మందులు: విడువదగినవి, విడువరానివి

తెలుగున ‘మందు’ అను మాటకు గల వ్యాప్తి చాల పెద్దది. జ్వరమునకు వైద్యుడిచ్చునది మందు. దోమలను చంపునది దోమలమందు, ఎలుకలను చంపునది ఎలుకలమందు, పైరుపై చల్లునది పురుగులమందు. తుపాకిలో దట్టించునది మందే. సాయంకాలము కొందరు సేవించునదియు మందే. హిందీలోని ‘దవా’ అను మాటకును కొంతవరకు ఇదే గతి పట్టినది. ఆరోగ్య విషయములను తెనిగించుటయే వృత్తిగా గల మాబోటివారికి ఈ మాట నిత్యము ఒక చిక్కు. ప్రాణము నిలుపు వస్తువునకును ప్రాణము తీయు వస్తువునకును పేరొక్కటే అయినప్పుడు, ఇంటిలో వాటికి చోటు కూడ ఒక్కటే అగుచున్నది. పెక్కు ఇండ్లలో జ్వరపు బిళ్ళలు, దోమల ద్రవపు సీసా, ఎలుకల పొడి పొట్లము ఒకే గూటిలో ప్రక్కప్రక్కన ఉండును.

ఆ గూటిలోని వస్తువులను క్రిందికి దింపి, వాటిలో ఏది అవసరము, ఏది అనవసరము, దేనికి బదులుగా చెట్టుచేమలనుండి లభించునది చాలును, దేనికి చాలదు అని విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. చెట్టునుండి వచ్చినదెల్ల అమృతమనియు, కర్మాగారమునుండి వచ్చినదెల్ల విషమనియు తలచువారికి ఈ విచారణ కొంత నిరాశ కలిగింపవచ్చును.

ఉదాహరణమునకు బస్తరు సీమను గైకొందము. ఇది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు దక్షిణ భాగము. 1998 వరకు ఒకే జిల్లాగా ఉండి, క్రమముగా విభజింపబడి, నేడు ఏడు జిల్లాల డివిజనుగా ఉన్నది. దీని దక్షిణపు అంచు మనకు పరాయిది కాదు. శబరీ నది ఒడ్డునగల కొంటాలోను, ఇంద్రావతి దాపునగల భోపాలపట్నములోను తెలుగు ధారాళముగా వినబడును. ఓరుగల్లు పతనమైన పిదప కాకతీయ వంశమువాడగు అన్నమదేవుడు ఈ సీమకు వచ్చి రాజ్యము స్థాపించెనని అచ్చటి రాజవంశపు సంప్రదాయము. ఈనాటికిని సుక్మా, బీజాపూరు జిల్లాల కూలీలు ఏటేట మిరపకోతకు గోదావరి దాటి తెలంగాణమునకు వచ్చుచుందురు. బస్తరును ఎన్నుకొనుటకు వేరొక కారణము కూడ కలదు. రసాయనముల అవసరము లేకుండ ఇల్లు నడుపుకొనుటకు కావలసిన చెట్లు అచ్చటి అడవిలో సమృద్ధిగా ఉన్నవి. కాని రసాయనమును విడిచినచో ప్రాణమునకే ముప్పు తెచ్చు వ్యాధియు అచ్చటనే ఉన్నది. ఈ రెండును ఒకేచోట కలిసియున్నందున, ఏది విడువవలెను, ఏది విడువరాదు అను ప్రశ్నకు అక్కడ స్పష్టమైన సమాధానము దొరకును.

సంతలోని రెండు వరుసలు

బస్తరు జీవితమునకు సంత గుండెకాయవంటిది. వారమున కొకసారి కూడు ఆ సంతలో ఒక వరుసలో స్త్రీలు ఇప్పపువ్వు, చింతపండు, సారపప్పు, కరక్కాయ కుప్పలు పోసి కూర్చుందురు. ఒకప్పుడు సారపప్పును ఉప్పుతో సరితూకముగా మారకము వేసిన సంతలవి. ఇప్పగింజను అచ్చట ‘తోరా’ అందురు. దానినుండి తీసిన నూనె చలికాలమున వెన్నవలె గడ్డకట్టును. వంటకు, దీపమునకు, ఒంటికి కూడ ఆ నూనెయే. వేపగింజలు, కానుగగింజలు, సాలవృక్షముల గుగ్గిలము కూడ ఆ వరుసలో కానవచ్చును.

ఎదుటి వరుసలో పట్టణమునుండి వచ్చిన వర్తకులు రంగురంగుల సబ్బుపొడులు, ఫినాయిలు సీసాలు, దోమల చుట్టలు, కలరా ఉండలు, పురుగులమందు డబ్బాలు అమ్ముచుందురు. వీటిలో కొన్నింటిపై చీటియే ఉండదు. కొన్నింటిపై ఉన్నను, కొనువారికి తెలియని భాషలో ఉండును. మొదటి వరుసలోని స్త్రీ తన తోరాగింజలను అమ్మి, ఆ డబ్బుతో రెండవ వరుసలో ఒక పొట్లము కొనుక్కొని ఇంటికి పోవును. ఆమె అమ్మినదానికిని కొన్నదానికిని పని ఒక్కటే అయియుండుట కొన్ని సందర్భములలో జరుగుచున్నది.

చదువు రానివారికి కూడ ఉపయోగపడు గుర్తు ఒకటి ఆ డబ్బాలపై కలదు. 1968 నాటి కీటకనాశినుల చట్టమునుబట్టి, దేశములో అమ్మబడు ప్రతి కీటకనాశిని డబ్బాపైనను మూలపై నిలిపిన చదరము ఒకటి ముద్రింపవలెను. దాని క్రింది సగపు రంగు విషతీవ్రతను తెల్పును. ఎరుపు మిక్కిలి తీవ్రమైన విషము. దానిపై పుర్రె, ఎముకల బొమ్మ కూడ ఉండును. పసుపు దాని తరువాతిది. నీలము మధ్యరకము. ఆకుపచ్చ అన్నిటిలో తక్కువది. ఎరుపు, పసుపు రంగులు గల డబ్బా పొలమునకేగాని ఇంటికి తగదు. ఆకుపచ్చ రంగు ఉన్నంతమాత్రమున త్రాగవచ్చునని అర్థము కాదు. ఏ గుర్తును, ఏ చీటియు లేని పొట్లమును కొనకుండుటయే మేలు.

పొగ పొగయే

దోమలను తరుముటకు ఇండ్లలో వాడు సాధనములలో అన్నిటికంటె చౌకయైనది చుట్ట. దీని పుట్టుక చిత్రమైనది. చేమంతి జాతికి చెందిన ఒక పువ్వును ఎండబెట్టి పొడిచేసినచో కీటకములు చచ్చునని పూర్వమే తెలిసియుండెను. జపానువారు 19వ శతాబ్ది చివర ఆ పొడితో ధూపపు కడ్డీలు చేసి, రాత్రియంతయు కాలుటకు వీలుగా పాము చుట్టవలె మలచిరి. అనగా మొదట ఈ వస్తువు కూడ ‘సహజ’మైనదే. తరువాత పువ్వునకు బదులు దానిని పోలిన కృత్రిమ రసాయనములు వచ్చినవి.

చుట్టలోని కీటకనాశిని పాలు చాల స్వల్పము. మిగిలినదంతయు రంపపుపొడి, పెంకుపొడి, జిగురు. అవి మంటలేక మగ్గి కాలుటచే కంటికి కానరాని సూక్ష్మమైన మసి పుట్టి ఊపిరితిత్తుల లోతులకు పోవును. 2003లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, మూసిన గదిలో ఒక చుట్ట పూర్తిగా కాలినచో వెలువడు సూక్ష్మధూళి 75 మొదలు 137 సిగరెట్ల ధూళితో సమానమని తేలినది. తాను సిగరెట్టు ముట్టని తల్లి తన పసిబిడ్డ ప్రక్కన రాత్రియంతయు చుట్ట వెలిగించి నిద్రించుచున్నది.

దీనికి బదులుగా వేపాకు పొగ వేయుడని చెప్పుట సులభము. పత్రికలలో అట్లు వ్రాయువారు కలరు. బస్తరు పల్లెలలోను, మన పల్లెలలోను సంధ్యవేళ వేపాకు, వావిలాకు, గుగ్గిలము నిప్పులపై వేయుట పాత అలవాటు. దోమలు కొంతసేపు తొలగుట నిజమే. కాని వేపాకు పొగలో మాత్రము మసి లేదా? పచ్చి ఆకు కాలినచో పొగ మరింత దట్టమగును. కట్టెల పొయ్యి పొగతో ముందే నిండిన ఇంటిలో ఈ పొగ కూడ చేరినచో ఊపిరితిత్తులకు కలుగు హాని తగ్గదు. పసిపిల్లలు, గర్భిణులు, దగ్గు ఆయాసము గలవారు ఉన్న ఇంటిలో ఏ పొగయు మంచిది కాదు. పశువుల కొట్టమున వేసినను, మనుష్యులు నిద్రించు గదిలో వేయరాదు. ఆకు పేరు చెప్పినంతనే ఊపిరితిత్తి ఊరుకొనదు.

మరి దోమలకు ఏమి చేయవలెను? ఇచ్చట ఒక విషయము నిష్కర్షగా చెప్పవలసియున్నది. బస్తరులో మలేరియా సామాన్యమైన వ్యాధి కాదు. అచ్చట ప్రబలినది ఫాల్సిపారము అను రకము. అది ముదిరినచో మెదడుకెక్కి కొలది దినములలో ప్రాణము తీయగలదు. కొండవాలులలో మెల్లగా పారు సెలయేళ్ళలో పెరుగు ఫ్లువియాటిలిస్ దోమయు, పల్లపు నీళ్ళలో పెరుగు క్యూలిసిఫేసీస్ దోమయు దానిని వ్యాపింపజేయును. 2020లో ‘మలేరియా ముక్త్ బస్తర్’ అను ఉద్యమము ఆరంభమైనప్పుడు ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి, జ్వరము ఉన్నవారిని, లేనివారిని కూడ పరీక్షించిరి. వ్యాధి క్రిములు కనబడినవారిలో సగమునకు పైగా ఏ లక్షణమును లేనివారే. ఒంటిలో వ్యాధి ఉన్నట్లు వారికే తెలియదు. వారిని కుట్టిన దోమ ప్రక్క ఇంటివారిని కుట్టును.

ఇట్టి సీమలో కీటకనాశిని పట్టించిన దోమతెరను ‘రసాయనము’ అని విడుచుట ఆత్మహత్యతో సమానము. ఆ తెర దారములో ఇమిడియున్న మందు పొగ కాదు, మసి కాదు. దోమ వాలినప్పుడు దానికి అంటును. చుట్టతోను ఆకుపొగతోను పోల్చినచో, నిద్రించువానికి దీనివలన కలుగు హాని అత్యల్పము, లాభము అత్యధికము. తెరను మూడు సంవత్సరములవరకు వాడవచ్చును. మాటిమాటికి ఉతుకరాదు. మురికియైనప్పుడు మెత్తని సబ్బుతో ఉతికి నీడన ఆరవేయవలెను. చాకిరేవు సోడా, బ్లీచింగు పొడి దాని మందును చెరచును. ఏటిలోగాని చెరువులోగాని ఉతుకరాదు. ఆ మందు చేపలకు ప్రాణాంతకము. చేపలు పట్టుటకు ఆ తెరను వాడుట కూడ అందుచేతనే నిషిద్ధము. ప్రభుత్వమువారు గోడలపై చల్లించు మందును గూర్చియు ఇదే మాట. చల్లినపిదప గోడను అలుకుట, సున్నము వేయుట కొన్ని నెలలు ఆపవలెను.

ఏ రసాయనమునైనను కన్నులు మూసికొని నమ్మవలెనని దీని అర్థము కాదు. డి.డి.టి. చరిత్ర మనకు తెలిసినదే. దాని కీటకనాశక శక్తిని 1939లో కనుగొన్న స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు పాల్ ముల్లరుకు 1948లో నోబెల్ బహుమానము వచ్చెను. 1953లో మన దేశమున మొదలైన మలేరియా నిరోధక కార్యక్రమమునకు ఆ పొడియే ఆయుధమయ్యెను. తరువాత అది నేలలోను, నీటిలోను, తల్లిపాలలోను నిలిచిపోవుచున్నదని బయటపడెను. క్యూలిసిఫేసీస్ దోమ దానిని సహించుట నేర్చెను. 1989లో వ్యవసాయములో దాని వాడుకను మన దేశము నిషేధించెను. ఒకనాటి రక్షకుడు వేరొకనాటికి తగకపోవచ్చును. కావుననే ఏది వాడవలెనో, ఎచ్చట వాడవలెనో నిర్ణయించు పని మలేరియా శాఖవారిది. సంత వర్తకుని మాటపై ఇంటిలో పిచికారి చేసికొనుట కూడదు.

తెరలోనికి పోవుటకు ముందు, సాయంకాలము ఆరుబయట కూర్చున్న వేళ చెట్టు కొంత సహాయము చేయగలదు. కొబ్బరినూనెలో నూటికి రెండుపాళ్ళు వేపనూనె కలిపి ఒంటికి పూసికొన్నచో అనాఫిలిస్ దోమలు 12 గంటలు కుట్టలేదని 1993లో మన మలేరియా పరిశోధకులు ప్రకటించిరి. తరువాతి పరీక్షలన్నియు అంతటి ఫలితము చూపలేదు. కావున దానిని తోడుగా భావింపవలెనేగాని తెరకు బదులుగా కాదు.

కలరా ఉండలు, గోరింటాకు

బట్టల పెట్టెలో వేయు తెల్లని గుండ్లకు మనవారు కలరా ఉండలని పేరు పెట్టిరి. కలరాకును వీటికిని ఏ సంబంధమును లేదు. ఇవి తారునుండి తీసిన నాఫ్తలీను. గాలిలోనే కరగి ఆవిరియై బట్టలకు పట్టును. పెద్దలలో పెక్కుమందికి దీనివలన తలనొప్పి తప్ప వేరు బాధ కలుగదు. కాని కొందరికి పుట్టుకతోనే నెత్తుటి కణములలో జి-6-పి-డి అను ఒక ఎంజైము తక్కువగా ఉండును. ఆ లోపము గల శిశువును, పెట్టెలోనుండి అప్పుడే తీసిన నాఫ్తలీను వాసన గల బట్టలో చుట్టినచో, ఆ ఆవిరి సోకి ఎర్రకణములు పగిలి, తీవ్రమైన కామెర్లు వచ్చును. కామెర్లు మెదడుకు ఎక్కినచో శిశువు బ్రతికినను చెవుడు, అవయవముల వంకర మిగిలిపోవచ్చును.

ఈ లోపము ఎచ్చట హెచ్చు? తరతరములుగా మలేరియా ఉన్న సీమలలో. ఈ లోపము గలవారి నెత్తుటిలో మలేరియా క్రిమి సులభముగా పెరుగలేదు గనుక, అట్టివారు హెచ్చుగా బ్రతికి బట్టకట్టిరని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కొన్ని మలేరియా మందులు, ముఖ్యముగా ప్రైమాక్విను, వీరికి పడవు. కావుననే వైద్యులు జాగ్రత్తపడుదురు. ఆస్పత్రిలో అంత జాగ్రత్త తీసికొని, ఇంటిలో నాఫ్తలీను బట్టలో బిడ్డను చుట్టుట ఎంత అవివేకము!

కలరా ఉండలు నిస్సంశయముగా విడువదగినవి. వాటి పనిని చేయుటకు చెట్టు చాలును. బట్టలను బాగుగా ఉతికి, రెండు ఎండలలో ఆరవేసి, నీడన ఎండిన వేపాకుగాని వావిలాకుగాని పలుచని గుడ్డలో మూటగట్టి పెట్టెలో ఉంచవలెను. మూడు నెలలకొకసారి ఆకును మార్చవలెను. మా అమ్మమ్మగారి పెట్టెలో వట్టివేళ్ళ కట్ట ఉండెడిది. ఆ వాసన తలచుకొన్నప్పుడెల్ల వేసవి సెలవులు జ్ఞప్తికి వచ్చును. పురుగును ఆపునది వాసన ఒక్కటే కాదు. మురికి లేకుండుట, తడి లేకుండుట అంతకంటె ముఖ్యము.

ఉండలకు బదులు కర్పూరము వాడుడని కొందరు చెప్పుదురు. కర్పూరము చెట్టునుండి పుట్టినదే, దేవునికి వెలిగించునదే. కాని పసిబిడ్డ ఒక చిన్న బిళ్ళ మ్రింగినచో నిమిషములలో ఈడ్పులు వచ్చును. గోరింటాకు సంగతి మరింత ఆశ్చర్యకరము. ఆ ఆకులోని ఎర్రని రంగు పదార్థము చర్మముగుండ లోనికి పోయి, జి-6-పి-డి లోపము గల శిశువులలో నాఫ్తలీను చేయు కీడునే చేయును. ముచ్చటకు పెరటి గోరింటాకు రుబ్బి నెలల బిడ్డ అరికాళ్ళకు పట్టించుట మానవలెను.

గింజ, పురుగు, ఎలుక

ఇంటిలో ఉండరాని వస్తువులలో అగ్రస్థానము గింజలలో వేయు బిళ్ళలది. సల్ఫాసు బిళ్ళలని జనులందురు. ఇవి అల్యూమినియము ఫాస్ఫైడు. గాలిలోని తేమ తగిలినంతనే ఫాస్ఫీను అను వాయువు పుట్టును. గోదాములలో శిక్షణ పొందినవారు మాత్రమే వాడవలసిన ఈ బిళ్ళలను నిద్రించు గదిలోని బస్తాలలో వేసికొని, తెల్లవారునప్పటికి కుటుంబములే పడిపోయిన ఉదంతములు దేశములో పలుచోట్ల జరిగినవి. ఈ విషమునకు విరుగుడు లేదు. ఎంత పెద్ద ఆస్పత్రియైనను ఆ వాయువును వెనుకకు తీయజాలదు.

కుటుంబము తినుటకు దాచుకొను గింజలకు ఇంత విషము అక్కరలేదు. గింజను పంటితో కొరికిన కటుక్కున విరుగునంతవరకు ఎండబెట్టుట మొదటి పని. తడి గింజలో ఏ ఆకు వేసినను పురుగు పట్టును. పేడతో అలికిన గాదెలో పొరపొరకు ఎండిన వేపాకు, వావిలాకు పరచుట బస్తరులోను, మనలోను కూడ వాడుకలో ఉన్నదే. కందిపప్పునకు ఆముదము పట్టించు పద్ధతి మన గృహిణులకు కొత్త కాదు. అలసందలు, మినుములవంటి విత్తనములలో జల్లించిన కట్టెబూడిద కలిపినచో పురుగు తిరుగుటకు సందు దొరకదు.

ఎలుకలమందులలో జింకు ఫాస్ఫైడు నల్లని పొడి. అదియు కడుపులో ఫాస్ఫీనును పుట్టించును. పసుపు భాస్వరముతో చేసిన ముద్ద పండ్లపొడి గొట్టమువంటి గొట్టములో అమ్ముడగుచున్నది. పిల్లలు పొరపాటుపడి వ్రేలితో తీసి పండ్లు తోముకొన్న ఉదంతములు కలవు. అది మొదటి రెండు మూడు దినములు ఏమియు కానట్లే ఉండి, తరువాత కాలేయమును ధ్వంసము చేయును. బోను, పిల్లి, కన్నములకు రేకు, నేలకు ఎత్తుగా కట్టిన గాదె: ఈ నాలుగింటితో సరిపెట్టుకొనుట క్షేమము.

కడుగుట, తోముట

ఈ విషయమున చెట్టు సంపూర్ణముగా గెలుచును. కుంకుడుకాయ, శీకాయ, ఇప్పపిండి అను మూడింటిలోను నురుగునిచ్చు సాపోనిను అను పదార్థము కలదు. తలకు, పట్టుబట్టలకు, ఉన్నిబట్టలకు ఇవి చాలును. ఇప్పగింజ నూనె తీయగా మిగిలిన చెక్కను దంచి తలంటుకొనుట మన పెద్దలకు తెలిసినదే. చింతపండుకు జగదల్‌పూరు విపణి ప్రసిద్ధమైనది. ఆ పులుపులోని ఆమ్లము రాగి, ఇత్తడి పాత్రల చిలుమును ఏ ఆసిడునకును తీసిపోకుండ తీయును. గోడకు ఛత్తీస్‌గఢ్ పల్లెలలో ‘ఛూయీ’ అను తెల్లమట్టి పూయుదురు. పాత ఇండ్ల రంగులలో సీసము ఉండెడిది. ఇంటిరంగులలో పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళకు మించి సీసము ఉండరాదను నియమము మనదేశములో 2017 నవంబరునుండి మాత్రమే అమలులోనికి వచ్చినది. పెచ్చులూడు పాత రంగును పిల్లలు గోకి నోట పెట్టుకొనకుండ చూడవలెను. మట్టిగోడకు ఆ భయము లేదు.

సాపోనిను చేపల మొప్పలకు విషము. బస్తరు గ్రామస్థులు ఇప్పచెక్కను నీటిలో వేసి చేపలను మత్తెక్కించి పట్టుట అందుచేతనే. కావున ఆ కడుగునీటిని చేపల చెరువులోనికి వదలరాదు. కుంకుడు పులుసు కంటబడినచో మంచినీటితో చాలసేపు కడుగవలెను. చేతులు కడుగుటకు మాత్రము సబ్బునే వాడవలెను. బూడిద, మట్టి సబ్బుతో సమానముగా క్రిములను పోగొట్టునని శాస్త్రము ఇంకను రుజువు చేయలేదు. అలుకుటకు పనికివచ్చు పేడ, అప్పుడే పుట్టిన బిడ్డ బొడ్డునకు పనికిరాదు. దానివలన ధనుర్వాతము వచ్చును.

మరుగుదొడ్డికి వాడు ఆసిడును, బ్లీచింగు పొడిని ఒకచోట కలుపరాదు. కలిపినచో క్లోరిను పుట్టును. 1915లో ఈప్రు యుద్ధరంగమున సైనికులపై వదలినది ఆ వాయువునే. మూసిన స్నానపుగదిలో గృహిణి తెలియక అదే తయారుచేసికొనును. చింతపులుసు, నిమ్మరసము కూడ ఆమ్లములే. వాటిని సైతము బ్లీచింగు పొడితో కలుపరాదు. విడిగా బ్లీచింగు పొడి మాత్రము విడువరాని వస్తువు. వానకాలమున బావినీటికి, వాంతులు విరేచనములు సోకిన ఇంటికి దానికి సాటి అయిన ఆకుగాని వేరుగాని లేదు.

సీసాలు, డబ్బాలు

మా ఇంటిలో నా చిన్నతనమున జరిగిన ఒక సంగతి. పండుగకు తెచ్చిన నన్నారి షరబతు సీసా ఖాళీ కాగా దానిలో ఫినాయిలు పోసి, స్నానపుగది గట్టుపై పెట్టిరి. ఎండలో ఆడి వచ్చిన మా పినతల్లి కుమారుడు దానిని ఎత్తి ఒక గుక్క త్రాగెను. వాడు బ్రతికెను; కాని చాలకాలము గొంతు మాట సరిగా వచ్చెడిది కాదు. వాడు త్రాగినది ఫినాయిలు అని తెలిసి కాదు, షరబతు సీసా అని.

దీనికి తారుమారైనది 2013 జూలైలో బీహారులో జరిగినది. ఛప్రా దాపునగల ఒక గ్రామపు పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాసు అను పురుగులమందు ఉన్నట్లు పరీక్షలో తేలినది. నూనెను అంతకుముందు పురుగులమందు ఉన్న డబ్బాలో ఉంచిరని విచారణలో వెల్లడి అయ్యెను.

మిరపకోతకు వచ్చు కుటుంబములకు ఈ మాట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మిరపచేనిపై పలుమార్లు మందు చల్లుదురు. గట్టుపై పడియుండు ఖాళీ డబ్బాలు దృఢముగా, మూత బిగువుగా ఉండి, నీళ్ళకు, కిరసనాయిలుకు, ఇప్పనూనెకు బాగుండునని తోచును. ఎన్నిమారులు కడిగినను ప్లాస్టికు గోడలో పీల్చుకొన్న మందు పోదు. అట్టి డబ్బాను కన్నము పొడిచి పారవేయవలెనేగాని ఇంటికి తేరాదు. కోతకు కట్టుకొన్న బట్టలను వేరుగా ఉతుకవలెను.

చెట్టులో కూడ విషము కలదు. జీవ ఇంధనము కొరకని 2005 ప్రాంతమున ఛత్తీస్‌గఢ్‌లో రతన్‌జోత్, అనగా అడవి ఆముదము, విస్తారముగా నాటిరి. దాని గింజ వేరుసెనగవలె రుచిగా ఉండును. పాఠశాల వెనుక కంచెలో కోసికొని తిన్న పిల్లలు గుంపులు గుంపులుగా వాంతులతో ఆస్పత్రి చేరుచుందురు. వేపనూనె ఒంటికి మంచిదే. కడుపులో పురుగులకని పసిబిడ్డకు చెంచాడు పోసినచో మూర్ఛ, కాలేయపు చేటు కలుగవచ్చును.

ఇంత జాగ్రత్తపడినను ప్రమాదము జరిగినచో చేయవలసినది కొంచెమే. కిరసనాయిలుగాని, ఆసిడుగాని, ఫినాయిలుగాని త్రాగినవారిచే వాంతి చేయింపరాదు. ఉప్పునీళ్ళు, పేడనీళ్ళు పట్టరాదు. వాంతితో కిరసనాయిలు ఊపిరితిత్తులలోనికి పోయినచో అదే అసలు ప్రమాదము. ఆసిడు వచ్చునప్పుడు మరల గొంతు కాల్చును. మగతగా ఉన్నవారిని ఎడమ ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. ఒంటిపై పురుగులమందు పడినచో బట్టలు విప్పి సబ్బునీటితో కడుగవలెను. కంటబడినచో పావుగంటకు తక్కువకాకుండ మంచినీటిధార పట్టవలెను. 108కి కబురంపి, త్రాగిన సీసాను, పొట్లమును, గింజనుగాని ఆకునుగాని పారవేయక రోగితోకూడ ఆస్పత్రికి తీసికొనిపోవలెను. ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థలో 1995నుండి జాతీయ విషసమాచార కేంద్రము పనిచేయుచున్నది. ఏ విషమునకు ఏమి చేయవలెనో వైద్యులు ఆ కేంద్రమును ఫోనులో అడిగి తెలిసికొనవచ్చును. కాని వారు మొదట అడుగు ప్రశ్న, త్రాగినది ఏది అనియే.